తాడు దాటినవాడు

గద్దముక్కు కొండను బ్రహ్మదేవుడు మంచి మనసుతో చేసి ఉండడు. మూడు దిక్కుల నుంచి చూస్తే అది వెదురూ టేకూ కప్పుకున్న మామూలు కొండే. జింకలు మేస్తుంటాయి, నెమళ్లు తిరుగుతుంటాయి. నాలుగో దిక్కున మాత్రం నూరు బారల ఎత్తున నిలువునా తెగిపోయి ఉంటుంది. ఆ రాతి గోడ పొద్దున ఎర్రగా, మధ్యాహ్నం రాగిరంగులో, సాయంత్రం నల్లగా కనిపిస్తుంది. కింద వెండివాగు నురగలు కక్కుతూ పరిగెడుతుంది, కానీ దాని హోరు పైదాకా రాదు. ఆ గోడ నడిమధ్యలో, పిట్ట కూడా వాలడానికి జంకే చోట, పల్లకీ అంతేసి తేనెపట్లు వరసగా వేలాడుతుంటాయి. అక్కడి ఈగ ఒకటి కుడితే చెయ్యి వాస్తుంది. పది కుడితే కళ్లు మూసుకుపోతాయి. వంద కుడితే ఇంక చెప్పేదేముంది.

చంద్రశిల యువరాజు అరుణకేతుడు ఈ కొండ మీదికి వచ్చింది ఆ తేనె కోసమే.

అతని చెల్లెలు హేమవల్లిని పెళ్లాడతానని మాంత్రికుడు కాలజంఘుడు కోటకు వచ్చాడు. ఆమె కాదంది. వాడు కోటగోడ మీద నిలబడి గుప్పెడు బూడిద గాలిలోకి చల్లి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున హేమవల్లి కాలిగోళ్లు రాయి అయ్యాయి. ఆ మర్నాడు పాదాలు. నలభై రోజుల్లో మనిషి మొత్తం శిల అయిపోతుందని ఆస్థాన వైద్యులు లెక్కకట్టి చేతులు ముడుచుకున్నారు. గద్దముక్కు తేనె రాతిని కరిగిస్తుందని ఒక సన్యాసి చెప్పాడు. అప్పటికే ముప్ఫై రోజులు గడిచిపోయాయి.

అరుణకేతుడు చెల్లెల్ని పల్లకీలో పడుకోబెట్టి, సేనాని భీమరథుణ్ణీ ఆరుగురు మల్లయోధుల్నీ వెంటబెట్టుకుని అడవులు దాటాడు. అతని మెడలో హేమవల్లి జడలోని కనకాంబరాల దండ ఉంది. పొద్దు గుంకినప్పుడల్లా దానిలో ఒక పువ్వు రాయి అవుతుంది. కొండ చేరిన నాటికి మెత్తగా మిగిలినవి నాలుగే.

ఎక్కడమూ ఎక్కడమే అతను ఒక తప్పు చేశాడు.

కొండ నెత్తిన తేనెవాళ్ల గూడెం ఉంది. పాతిక గుడిసెలు. వాటి ముందు బండ మీద కొత్తగా పేనిన తీగతాడు ఒకటి పొడుగ్గా ఆరబెట్టి ఉంది. అరుణకేతుడు దాన్ని దాటుకుని ముందుకు నడిచాడు. గూడెంలో పనుల్లో ఉన్నవాళ్లంతా చేతిలోవి కింద పెట్టి లేచారు. గుడిసెలోంచి ఒక ముసలామె వచ్చింది. పేరు ఈదమ్మ, ఆ గూడేనికి పెద్ద.

"ఎవరయ్యా నువ్వు? కళ్లు నెత్తికెక్కినాయా? మనిషన్నోడు తాడు దాటతాడా?"

"తాడే కదా అవ్వా, పాము కాదు కదా," అన్నాడు యువరాజు నవ్వుతూ.

"పామును దాటినా పోయేది నీ పాణమొక్కటే. తాడు దాటితే దాన్ని నమ్ముకొని దిగినోడి పాణం పోద్ది. మా కాడ మూడేళ్ల పిల్లకాయ కూడా చుట్టూ తిరిగి పోతాడు, లేకుంటే ఎత్తి కిందగా దూరతాడు."

అంటూనే ఆమె కొడవలి తీసుకుని ఆ కొత్త తాడును మూడు ముక్కలుగా కోసి లోయలోకి విసిరేసింది. అది ఆరు నెలల పని అని తర్వాత తెలిసింది. భీమరథుడు మీసం కింద నవ్వుకున్నాడు. అడవివాళ్ల చాదస్తం అని అరుణకేతుడు కూడా అనుకున్నాడు. అనుకోనివ్వండి. తప్పు చేసినవాడికి అది తప్పని అప్పుడే తెలిస్తే కథలెందుకు.

ఆ సాయంత్రం పల్లకీ తెర తీసి హేమవల్లిని చూశాక గూడెం మెత్తబడింది. రాయి అప్పటికి ఆమె భుజాల దాకా వచ్చింది. గూడెంలో ఆ ఏడు గోడ దిగగలిగే మొనగాడు ఒక్కడే, కొండు. పాతికేళ్లవాడు, నవ్వు మొహం. అతని భార్య తిరిపి. ఆమెకు అన్న బయ్యన్న, బక్కపలచని మనిషి, నాలుగు మాటలకు ఒక మాట మాట్లాడతాడు.

"నేను దిగతా దొరా," అన్నాడు కొండు. "మా బామ్మర్ది తాడు పట్టుకుంటాడు. నా పెళ్లాం పొగేస్తది. ఈ ఏటికి పక్వానికొచ్చింది ఒక్క నల్లపట్టే. సొరబుర్రెడు తేనె వస్తది."

"బుర్రెడు తేనె ఒక్క మనిషినే రాయిలోంచి లేపుద్ది," అంది ఈదమ్మ. "ఆ మీద మళ్లా ఏడాదికే. నిండా రాయైపోయినాక ఏ తేనెకీ లేవరు."

అరుణకేతుడు బయ్యన్నను కింది నుంచి పైకి చూశాడు. ఆ చూపు అతనికి అలవాటే, సైన్యంలోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు చూసే చూపు.

"ఇతనా పట్టేది? మా భీమరథుడు ఒంటిచేత్తో గుర్రాన్ని ఆపుతాడు. మా ఆరుగురూ ఏనుగును వంచుతారు. వాళ్లు పడతారు తాడు."

కొండు పగలబడి నవ్వాడు. "గుర్రాన్ని ఆపతాడు సరే దొరా. ఆయన తన చెల్లెల్ని నాకిచ్చినాడా?"

ఎవరికీ అర్థం కాకపోతే ఈదమ్మ విడమరిచి చెప్పింది. ఆ గూడెంలో తాత ముత్తాతల నుంచీ తాడు పట్టేది దిగినవాడి బావమరిదే. దిగినవాడు పడితే ముండమోసేది పట్టినవాడి తోబుట్టువు. అందుకని ఈగలు మొహమంతా కమ్ముకున్నా వాడు చెయ్యి వదలడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తాడు పట్టినవాడు వరస పెట్టి పిలుస్తూ ఆపకుండా పాడుతూనే ఉండాలి. పాట వినిపిస్తున్నంతసేపూ పైన చెయ్యి ఉన్నట్టు. పాట ఆగితే, దిగినవాడు తక్షణం తన నడుముతాడును గోడలోని రాతిమేకుకు కట్టుకోవాలి.

అరుణకేతుడు ఓపిగ్గానే విన్నాడు. వినడం వేరు, చెవిన పెట్టడం వేరు. పన్నెండేళ్ల వయసు నుంచి అతను యుద్ధవ్యూహాలు చదివాడు. పద్దెనిమిదో ఏట వెయ్యి గుర్రాలను నడిపి గెలిచాడు. బలవంతుడికి బరువు, చురుకైనవాడికి దారి, నాయకుడికి మాట, ఇదీ అతను నేర్చుకున్న పాఠం. బంధుత్వం చేతిని వణికిస్తుందని కూడా ఆ పాఠంలోనే ఉంది.

"అవ్వా, నా చెల్లెలి ప్రాణం ఆచారాల మీద పెట్టలేను. పని పంచేది నేను. ఆరుగురు యోధులు, భీమరథుడు తాడు పడతారు. కొండు క్షేమంగా పైకి వస్తాడు, ఇది నా మాట. బయ్యన్న కింద వాగు దగ్గర మేం వదిలివచ్చిన గుర్రాలకు కాపలా ఉంటాడు. పాటలు వద్దు. ఆజ్ఞ ఇచ్చే చోట ఒక్క గొంతే వినిపించాలి. అది నాది."

బయ్యన్న చెల్లెలి వంక చూశాడు. తిరిపి మొగుడి వంక చూసింది.

"పోనీలే బావా," అన్నాడు కొండు. "ఆ బిడ్డ కళ్లు చూసినావా? ఒక్క తూరికి ఏమీ కాదు. రాచబిడ్డ మాట ఇచ్చినాడు గదా."

మర్నాడు పొద్దున కొండు పాత తాడుతో దిగాడు. చాలా బాగా దిగాడు. తిరిపి పచ్చి ఆకులు వేసి పొగ పెట్టింది. గోడ మీద పాదాలు ఆనించుకుంటూ, ఒక్కో మేకునూ తడుముకుంటూ, యాభై బారలు దిగి మూడో మేకు దగ్గర నల్లపట్టును చేరాడు. కత్తితో కోశాడు. సొరకాయ బుర్ర నిండా తేనె పట్టి మూతికి మైనం అద్దాడు. బుర్రనూ కత్తినీ మేకుకు తగిలించి, చెయ్యి తుడుచుకుని, పైకి లాగమని తాడును మూడుసార్లు గుంజి, తగిలించినవి అందుకోబోయాడు.

అదే ఘడియలో గాలి మళ్లింది. పొగ పక్కకు పోయింది. ఈగలు గోడ వెంబడి నల్లటి మబ్బులా లేచి కొండ అంచు దాటాయి.

ఆ ఆరుగురూ పిరికివాళ్లు కారు. కత్తి ఎదురైతే రొమ్ము చూపేవాళ్లు. కానీ కంటి మీద ఈగ వాలితే ధైర్యం ఏ మూలకూ రాదు. ముందు ఒకడి చేతులు మొహం మీదికి వెళ్లాయి. తర్వాత రెండోవాడివి. భీమరథుడు చివరిదాకా పట్టుకున్నాడు, కానీ ఏడుగురు పట్టిన తాడు ఒక్కడి చేతుల్లో నిలవలేదు, అరచేతుల తోలు ఒలుచుకుని జారిపోయింది. "వదలకండి" అని అరుణకేతుడు అరుస్తూనే ఉన్నాడు. ఒక్క గొంతే వినిపించింది. అది అతనిదే.

పైన ఏం జరుగుతోందో కొండుకు తెలియలేదు. పాట లేదు కాబట్టి పాట ఆగిందీ లేదు. అతని నడుముతాడు నడుముకే ఉంది. చేతికి బారెడు దూరంలో మేకు ఉంది.

వాగు శవాన్ని ఇవ్వలేదు.

ఆ పొద్దు గుంకాక దండలో రెండు పూలు మిగిలాయి. తెల్లవారేసరికి ఆరుగురు యోధుల జాడ లేదు. భీమరథుడు మాత్రం ఉన్నాడు. అతని కళ్లు వాచి పూర్తిగా మూసుకుపోయాయి, పారిపోదామన్నా దారి కనపడదు అనుకోవచ్చు. కానీ అది నిజం కాదు. కళ్లున్నా పోయేవాడు కాదు. రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని, "ప్రభూ, నేనే వదిలాను," అని రోజంతా అదే మాట అన్నాడు.

అరుణకేతుడు పల్లకీ దగ్గరికి వెళ్లాడు. కొండ దిగువకు పోయే బాట మొదట్లోనే దాన్ని దించి ఉంచారు. రాయి హేమవల్లి గడ్డం దాకా వచ్చింది. పెదవులు ఇంకా కదులుతున్నాయి.

"అన్నయ్యా, ఆ మనిషికి పెళ్లాం ఉందా?"

"ఉందమ్మా."

"ఇంటికి పోదాం పద. నాకు ఏ తేనే వద్దు."

అరుణకేతుడు అక్కడే కూలబడిపోయాడు. ఏడ్చాడు కూడా. గెలిచిన ప్రతిచోటా తన తెలివి వల్లే గెలిచానని అనుకున్నవాడికి, ఓడినచోట ఇంకెవరి తెలివిని తిట్టుకోవాలో తెలియదు. ఇక ఇంటికి పోవడమంటే చెల్లెల్ని మోసుకుపోవడం కాదు, చెల్లెలి బొమ్మను మోసుకుపోవడం. ఉండిపోదామంటే దిగేవాడు లేడు. ఆ రోజు కూడా అలాగే గడిచింది. ఒక్క పువ్వు మిగిలింది.

నాలుగో నాటి మధ్యాహ్నం అతను ఈదమ్మ గుడిసెకు వెళ్లాడు. కిరీటం లేదు, కత్తి లేదు. గుడిసె ముందు తాడు చుట్ట ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాడు. ముసలామె అది చూసింది.

"నేను దిగుతాను అవ్వా. అంచు నుంచి చూశాను, కొండు కోసిన తేనె మూడో మేకుకే వేలాడుతోంది. తీసుకురావడమే కదా."

"తాడెవరు పడతారు?"

అతనికి పెళ్లి కాలేదు. బావమరిది లేడు. లోకంలో తన తాడు పట్టడానికి కట్టుబాటు ప్రకారం ఒక్క మనిషి కూడా లేడని వెయ్యి గుర్రాల దొరకు అప్పుడు తెలిసింది.

"ఏ కొమ్మకో కట్టుకుని దిగుతాను," అన్నాడు.

"యాడుంది కొమ్మ? బండ మీద గడ్డి కూడా మొలవదు. కొమ్మురాయి ఒకటుంది, దానికి ఒక చుట్టు చుట్టి చేత్తో వదలతా, లాగతా ఉండాల. రాయి లాగుద్దా నిన్ను?"

మూలన కూర్చుని ఉన్న బయ్యన్న అప్పుడు నోరు తెరిచాడు. మూడు రోజుల్లో అదే అతని మొదటి మాట.

"నేను పడతా."

అరుణకేతుడు అతని కాళ్ల మీద పడబోయాడు. బయ్యన్న వెనక్కి జరిగాడు.

"వద్దు. నీ కోసం గాదు. నీతో నాకు ఏ వరసా లేదు. మా బావ కత్తి ఆ మేకుకుంది. ఒళ్లు దొరకలే. కత్తి అన్నా లేకుంటే కర్మ చెయ్యలేం. కర్మ లేనోడు ఈ కొండ మీదే తిరగతా ఉంటాడు. నువ్వు కత్తి తే, నీ తేనె నువ్వు తీసుకో."

"తెస్తాను."

"రాచబిడ్డల మాటలు ఇన్నాంలే. తే."

పొద్దు వాలుతుండగా అరుణకేతుడు అంచు దాటి గోడ మీదికి వాలాడు. నడుముకు తాడు, దాని పైన చిన్న నడుముతాడు, ఒళ్లంతా పసరు పూత. పైన కొమ్మురాయికి తాడు ఒక చుట్టు చుట్టి బయ్యన్న పట్టుకున్నాడు. తిరిపి పొగ పెడుతోంది. భీమరథుడు కొమ్మురాయి పక్కన గుడ్డిగా కూర్చున్నాడు. ఈదమ్మ నిప్పుల కుండ దగ్గర ఉంది.

బయ్యన్న పాట ఎత్తుకున్నాడు.

"పైన నేనున్నా బావో, పట్టు నాదుందీ,
పట్టులో పాణముంది బావో, పాట ఆగదూ..."

యువరాజును పిలవడానికి అతని దగ్గర వరస లేదు. అందుకని చచ్చిపోయినవాణ్ణే పిలిచాడు. ఆ సంగతి అరుణకేతుడికి తెలుసు. తెలిసి కూడా ఆ పిలుపు పట్టుకునే దిగాడు. మొదటి మేకు. రాయి చెమ్మగా ఉంది. కాలు జారి ఒకసారి గిరగిరా తిరిగాడు, మోకాలు చెక్కుకుపోయింది. పాట ఆగలేదు. రెండో మేకు. ఈగలు చెవుల దగ్గర మూగాయి, మెడ మీద నాలుగు కుట్టాయి, కన్ను ఒకటి వాచింది. పాట ఆగలేదు. గద్ద ఒకటి అతని తల పక్కగా దూసుకుపోయింది. మామూలు గద్ద కంటే పెద్దది. అది పైకి, కొండ అంచు వైపు పోయింది. అదేమిటో ఆలోచించే తీరిక అతనికి లేదు.

మూడో మేకు చేతికి తగిలింది. బుర్ర ఉంది. కత్తి ఉంది. బుర్రను మొలకు కట్టుకున్నాడు. కత్తిని పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

పాట ఆగింది.

యువరాజు చేతులు చెప్పిన పని చేశాయి, నడుముతాడు తీసి మేకుకు రెండు ముళ్లు వేశాయి. ఆ మరుక్షణమే పైతాడు వదులై రెండు బారలు కిందికి జారింది. ముడి లేకపోతే అతనూ వాగులోకే.

పైన జరిగింది ఇది.

బండల వెనక నుంచి కొండు నడిచి వచ్చాడు. అదే నవ్వు మొహం. నుదుటి మీద గాయం, తడి బట్టలు.

"బయ్యన్నా," అని పిలిచాడు. "వాగు నన్ను ఒడ్డున పడేసింది బావా. ఒళ్లంతా విరిగింది. ఒక్కసారి వచ్చి పట్టుకో, పడిపోతా ఉన్నా."

బయ్యన్న గొంతులో పాట తెగిపోయింది. మూడు రోజులుగా అతను గుర్రాల కాపలా కాసిన తన చేతుల్ని తిట్టుకుంటున్నాడు. ఇప్పుడు ఆ చేతులకు ఇంకోసారి అవకాశం వచ్చింది. తాడును కొమ్మురాయికి గబగబా ఇంకో చుట్టు చుట్టి, పరిగెత్తాడు.

తిరిపి కూడా లేచింది. ఆమెకు మాత్రం ఆశ ఉండదా? కాళ్లు ముందుకు పడ్డాయి. అంతలో, వస్తున్న మొగుడి కాళ్ల వంక చూసింది. బండ మీద తాడు వెనక భాగం పొడుగ్గా పడి ఉంది. ఆ మనిషి దాన్ని ఎత్తలేదు, చుట్టూ తిరగలేదు. అడుగు తీసి అడుగు వేసి, తాడు దాటుకుని వచ్చాడు.

తిరిపి రెండోసారి విధవ అయింది. మొదటిసారి కంటే ఇదే ఎక్కువ బాధగా ఉందని ఆమె తర్వాత ఈదమ్మతో చెప్పుకుంది.

"అన్నా, అది బావ గాదు. తాడు దాటినాడు," అని కేక వేసింది.

అప్పటికే ఆలస్యమైంది. బయ్యన్న ఆ మనిషిని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. కొండు మొహం మైనంలా కరిగి, దాని కింద నుంచి కాలజంఘుడి ఎముకల మొహం బయటపడింది. మాంత్రికుడు బయ్యన్న వీపు మీద అరచెయ్యి ఆనించాడు. కోటగోడ మీద నుంచి చల్లిన బూడిదకు నలభై రోజులు కావాలి. చేత్తో తాకితే ఆ పొద్దు గుంకేంతసేపు చాలు. బయ్యన్న పాదాలు బండకు అతుక్కుపోయాయి.

అదే ఘడియలో కొమ్మురాయి మీది చుట్టు జారి తాడు సర్రున పోసాగింది.

అటు అన్న. ఇటు తాడు. తాడు చివర ఉన్నది తన మొగుణ్ణి చంపినవాడు. తిరిపి ఒక్క క్షణం నిలబడింది. ఆ ఒక్క క్షణంలోనే తాడు రెండు బారలు జారింది. తర్వాత ఆమె తాడు మీద పడింది. వేలాడే యాభై బారల తాడు బరువుకు ఆమె బరువు చాలలేదు, అది ఆమెనే అంచు వైపు ఈడ్చుకుపోయింది.

"సేనానీ, నా నడుం పట్టుకో. యాడున్నావ్, ఇటు, నా గొంతు పట్టుకుని రా."

భీమరథుడు బండ మీద పాకుతూ వచ్చాడు. తోలు లేని అరచేతులతో ఆమె నడుము చుట్టూ పట్టు వేసి, కాళ్లు కొమ్మురాయికి తన్నిపెట్టాడు. తాడు ఆగింది. కాలజంఘుడు వాళ్ల మీదికి రెండడుగులు వేశాడు. ఈదమ్మ ముసలిదని వాడు లెక్కచెయ్యలేదు. ఆమె నిప్పుల కుండ ఎత్తి వాడి మొహం మీద బోర్లించింది. వాడు గద్దలా మారి, కాలిన రెక్కలతో కూతలు పెడుతూ పడమటి కొండల వైపు ఎగిరిపోయాడు.

కింద మేకుకు వేలాడుతున్న అరుణకేతుడికి ఇవేమీ తెలియవు. గోడ రాగిరంగు వదిలి నల్లబడిపోతోంది. మెడలోని పువ్వు ఒక రేకు అంచున గట్టిపడడం వేలికి తెలుస్తోంది. బయ్యన్న వదిలేశాడని అనుకున్నాడు. వదిలేస్తే తప్పేముంది అని కూడా అనుకున్నాడు. అప్పుడు పైనుంచి మళ్లీ పాట వచ్చింది. అది ఆడగొంతు.

"పైన నేనున్నా అన్నో, పట్టు నాదుందీ..."

మధ్యలో దగ్గు వస్తోంది, కానీ ఆగడం లేదు. పైన ఎన్ని చేతులున్నాయో తెలియదు. అవి తన ఏడుగురి చేతుల కంటే బలమైనవి కావని మాత్రం తెలుసు. అరుణకేతుడు మేకు ముడి విప్పాడు. తాడును మూడుసార్లు గుంజాడు.

ఒక గుడ్డివాడు, ఒక ఆడమనిషి, వాళ్ల వెనక ఒక ముసలామె. బారెడు లాగడం, రాయికి అదిమి ఊపిరి తీసుకోవడం, మళ్లీ బారెడు. భీమరథుడి నెత్తుటితో తాడు తడిసింది. వ్యూహం పన్నినవాడు లేడు, ఆజ్ఞ ఇచ్చేవాడు తాడు చివర వేలాడుతున్నాడు. అయినా ఎవరి పని వాళ్లకు తెలిసింది. పాటలో "అన్నో" అన్నచోట ముగ్గురూ కలిసి లాగారు.

అరుణకేతుడి చెయ్యి అంచును పట్టుకుంది. భీమరథుడు తడుముకుని ఆ చేతిని అందుకున్నాడు. యువరాజు బండ మీదికి పాకి, పళ్ల మధ్య కత్తి తీసి తిరిపి ముందు పెట్టాడు.

"కత్తి తెచ్చాను. బయ్యన్న ఎక్కడ?"

ఆమె వేలితో చూపించింది. పది అడుగుల అవతల బయ్యన్న నిలబడి ఉన్నాడు. చేతులు ఎవరినో కౌగిలించుకున్నట్టే చాచి ఉన్నాయి. రాయి గొంతు దాటి గడ్డం ఎక్కింది. కళ్లు మాత్రం బతికి ఉన్నాయి. అవి కత్తిని చూశాయి.

"తెచ్చినాడే చెల్లీ," అన్నాడు బయ్యన్న. ఆ తర్వాత అతని పెదవులు కదలలేదు.

కొండబాట మొదట్లో పల్లకీ ఉంది. దాని తెర గాలికి ఊగుతోంది. అక్కడికి నూరు అడుగులు. పడమట సూర్యుడి అడుగు అంచు కొండలకు తాకింది. మెడలోని పువ్వు సగం రాయి, సగం పువ్వు. మొలకు ఉన్న బుర్ర ఒక్కటే, అది లేపేది ఒక్క మనిషినే.

అరుణకేతుడు మొల ముడి విప్పి బుర్రను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అతనికీ పల్లకీకీ మధ్య తాడు అడ్డంగా పడి ఉంది. అతని పాదం దాని దాకా వెళ్లి ఆగిపోయింది. వెనక్కి తిరిగి బయ్యన్న కళ్లను చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరికీ వెయ్యని ప్రశ్న ఒకటి నోటికి వచ్చింది.

"తిరిపీ, నేనేం చెయ్యాలో నువ్వు చెప్పమ్మా."

తిరిపి కొండు కత్తిని ఒళ్లో పెట్టుకుని, చిరిగిన అరచేతులతో తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"ఈ మాట మొన్న అడగాల్సింది అన్నా," అంది.